పగడపు దిబ్బలు: గంజాం తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలకు సముద్రం కొత్త కాదు. పగడపు దిబ్బలను కళ్లారా చూసినవారు మాత్రం మనలో తక్కువ. చూసినవారిలో ఎక్కువమంది అండమాన్‌కు వేటకో, దక్షిణాది రేవులకు బోటు పనికో వెళ్లివచ్చినవారే. వారు చెప్పిన సంగతులు విన్న పిల్లలు, ఒడియా మాధ్యమంలో ఈ పాఠాన్ని ఒక పేరాగా చదివి వదిలేసిన విద్యార్థులు, ఇంటికి పగడపు ముక్క తెచ్చుకొని ఆనక సందేహంలో పడిన పెద్దలు మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతున్నందువల్ల జవాబులను ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

పగడం రాయా, చెట్టా, జంతువా?

జంతువే. జెల్లీ చేపలు ఏ సమూహానికి చెందుతాయో పగడపు జీవులూ ఆ సమూహానికే చెందుతాయి. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో అది కొన్ని మిల్లీమీటర్లకు మించదు. మెత్తని సంచి లాంటి శరీరం, పైన నోరు, నోటి చుట్టూ కుట్టే కణాలున్న స్పర్శకాలు, ఇంతే దాని నిర్మాణం. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియంను, కార్బొనేటును తీసుకొని అది తన అడుగున సున్నపురాతి గిన్నెను కట్టుకుంటుంది. వేలాది పాలిప్‌లు ఒకదానికొకటి అతుక్కొని, పాత గిన్నెలపై కొత్త గిన్నెలు కట్టుకుంటూ పోతే తరతరాలకు ఏర్పడేదే పగడపు దిబ్బ. అంటే మనకు రాయిలా కనిపించేది దాని అస్థిపంజరం మాత్రమే. ప్రాణం పైపొరలో ఉంటుంది.

జంతువే అయితే దానికి ఎండ ఎందుకు కావాలి?

దిబ్బలు కట్టే పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు (నాచు జాతి సూక్ష్మజీవులు) నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగాన్ని పగడానికి ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ దారిలోనే రావచ్చు. బదులుగా శైవలాలకు ఉండటానికి చోటు, పగడం విసర్జించే నత్రజని, భాస్వరం, కార్బన్ డయాక్సైడ్ దొరుకుతాయి. పగడాల రంగుల్లో చాలావరకు ఈ శైవలాల వల్ల వచ్చినవే. రాత్రివేళ పాలిప్‌లు స్పర్శకాలు చాచి నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టి తింటాయి కానీ, రాతిగోడలు కట్టేంత శక్తి ఆ తిండి ఒక్కదానితో రాదు.

ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడాన్ని ఈ దిబ్బల నుంచే తీస్తారా?

కాదు. నగల్లో వాడే అసలైన ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే రాతి గోడలపైన, గుహల్లోను పెరిగే వేరే జాతి. దానిలో శైవలాలు ఉండవు, అది దిబ్బలు కట్టదు, పైగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. బజారులో తక్కువ ధరకు దొరికే ఎర్ర పూసల్లో రంగు వేసిన ఇతర పగడాలు, గాజు, ప్లాస్టిక్ కూడా ఉంటాయి కాబట్టి, జ్యోతిష్కుడి మాట ఎలా ఉన్నా, కొనేవారు పరీక్షించుకోవడం మంచిది.

మా వలలో విసనకర్ర ఆకారంలో రంగు కొమ్మ ఒకటి పడింది. అంటే మన సముద్రంలోనూ పగడపు దిబ్బ ఉన్నట్లేనా?

ఉన్నట్లు కాదు. అది గోర్గోనియన్ అనే సముద్రపు విసనకర్ర అయి ఉంటుంది. ఇది పగడాలకు బంధువే అయినా సున్నపు దిబ్బ కట్టదు. నీటి అడుగున గట్టి రాయి దొరికిన చోట విడిగా పెరుగుతుంది. అలాగే రాళ్లకు అంటుకొని ఒంటరిగా బతికే గట్టి పగడాలు కూడా తూర్పు తీరంలో అక్కడక్కడ ఉండవచ్చు. అవి కనిపించినంత మాత్రాన దిబ్బ ఉందని చెప్పలేము. సముద్రపు విసనకర్రలను వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిస్తుంది కనుక వలలో పడినదాన్ని ఇంటికి తేకుండా నీటిలో వదిలేయాలి.

## ఎక్కడ పెరుగుతాయి, ఎలా పెరుగుతాయి

గోపాల్‌పూర్‌లో సముద్రం వెచ్చగానే ఉంటుంది కదా, ఇక్కడ పగడపు దిబ్బలు ఎందుకు లేవు?

ఇదే అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, అడగవలసిన ప్రశ్న కూడా. వెచ్చదనం ఒక్కటే సరిపోయేటట్లయితే మన తీరమంతా పగడాలే ఉండేవి. దిబ్బలు కట్టే పగడాలకు సుమారు 23 నుంచి 29 డిగ్రీల వేడి, కిలో నీటికి 32 గ్రాములకు తగ్గని ఉప్పదనం, వెలుతురు అడుగుదాకా దిగే తేటనీరు, కాలు మోపడానికి గట్టి రాతినేల కావాలి. ఇవన్నీ ఒకేచోట, ఏడాది పొడవునా ఉండాలి.

మన తీరంలో మొదటిది తప్ప మిగిలినవి నిలకడగా లేవు. ఉత్తరాన గంగా బ్రహ్మపుత్రలు, మహానది, ఇక్కడ రుషికుల్య, బాహుదా, దక్షిణాన వంశధార, గోదావరి కలిసి వర్షాకాలంలో బంగాళాఖాతంలోకి అపారమైన మంచినీటిని, ఒండ్రును తెచ్చిపోస్తాయి. పైపొర నీటిలో ఉప్పదనం పడిపోతుంది. బురద నీటిలో వెలుతురు దిగదు కాబట్టి శైవలాలు ఆహారం తయారుచేయలేవు. ఒండ్రు పైన పేరుకుంటే పాలిప్‌లకు ఊపిరాడదు. అడుగున ఉన్నది ఎక్కువగా కదిలే ఇసుక, బురద; నీటిలో ఈదుతూ వచ్చిన పగడపు పిల్లకు అతుక్కొనే చోటే దొరకదు. చిలికాలో సముద్రపు నీరు, మంచినీరు కలుస్తాయి, వానాకాలంలో ఉప్పదనం మరీ తగ్గిపోతుంది. అక్కడ దిబ్బ కట్టే పగడం బతకదు.

దీన్ని లోపంగా చూడనవసరం లేదు. ఆ ఒండ్రు, ఆ పోషకాలే మన తీరంలో కవ్వళ్లను, కానాగంతలను, రొయ్యలను పోషిస్తున్నాయి.

మన దేశంలో ఇవి ఎక్కడ ఉన్నాయి?

ప్రధానంగా అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్, తమిళనాడులోని మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ. అండమాన్ నికోబార్‌లో దీవుల అంచులను ఆనుకొని దిబ్బలుంటాయి, జాతుల వైవిధ్యంలో అవే ముందుంటాయి. లక్షద్వీప్ దీవులు దాదాపుగా పగడాలు కట్టినవే. మన్నారు సింధుశాఖలో రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకు పరుచుకున్న 21 చిన్న దీవుల చుట్టూ దిబ్బలున్నాయి. ఆ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మహారాష్ట్ర తీరంలో మాల్వణ్ దగ్గర, విజయదుర్గ్‌కు దూరంగా నడిసముద్రంలో ఉన్న ఆంగ్రియా గట్టు మీద కూడా పగడాలున్నాయి.

ఒక దిబ్బ పెరగడానికి ఎంతకాలం పడుతుంది?

గుండ్రంగా బండలా పెరిగే పగడాలు సాధారణంగా ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి, కాబట్టి మనిషి నడుమెత్తు ఉన్న బండకు నూరేళ్ల వయసు ఉండవచ్చు. కొమ్మల పగడాలు ఏడాదికి 10 సెంటీమీటర్ల వరకు పెరగగలవు కానీ త్వరగా విరుగుతాయి. ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా 2,300 కిలోమీటర్ల పొడవున ఉన్న గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఇప్పుడు ప్రాణంతో ఉన్న పొర, గత మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగిన తరువాతి వేల ఏళ్లలో పెరిగినది.

లక్షద్వీప్ దీవులు ఉంగరంలా ఎందుకుంటాయి?

దీనికి నేటికీ ఆమోదంలో ఉన్న వివరణను 1842లో చార్లెస్ డార్విన్ ఇచ్చాడు. ముందు అగ్నిపర్వత దీవి అంచున పగడాలు పెరుగుతాయి. ఆ దీవి లక్షల ఏళ్లలో మెల్లగా కుంగుతుంటే పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి మధ్యలోని కొండ మునిగిపోయి, చుట్టూ ఉన్న పగడపు వలయం, లోపల లోతు తక్కువ ఉప్పునీటి మడుగు మిగులుతాయి.

పగడాలు ఒకచోటే ఉంటాయి కదా, సంతానం ఎలా?

రెండు విధాలుగా. ఒక పాలిప్ చీలి రెండు కావడం ఒకటి. రెండవది, చాలా జాతులు ఏడాదిలో కొన్ని రాత్రుల్లో, తరచుగా పున్నమి వెళ్లిన కొద్ది రోజులకు, ఒకేసారి అండాలను, వీర్యాన్ని నీటిలోకి విడుస్తాయి. పుట్టిన లార్వాలు ప్రవాహంతో కొట్టుకుపోయి ఎక్కడో గట్టి రాయి దొరికితే అతుక్కుంటాయి. ఒక దిబ్బ చనిపోతే పక్క దీవి నుంచి కొత్త పగడం రావడం ఈ దారిలోనే సాధ్యం.

## వీటి వల్ల మనకేమిటి

ఇంత చిన్న చోటులో ఉండే వాటికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు?

పగడపు దిబ్బలు సముద్రపు అడుగులో ఒక శాతం కంటే తక్కువ చోటులోనే ఉన్నాయి. అయినా సముద్రజీవుల్లో సుమారు నాలుగోవంతు జాతులు జీవితంలో ఏదో ఒక దశలో వాటిపై ఆధారపడతాయి. కారణం ఆ నిర్మాణమే. పోషకాలు తక్కువైన తేటనీటిలో, దాగడానికి సందులు, గుడ్లు పెట్టడానికి గూళ్లు, పాకడానికి గోడలు ఉన్న ఒకే చోటు అది. పగడం వదిలినదాన్ని స్పంజిక (స్పాంజ్ అనే సముద్ర జంతువు) తింటుంది, దాని వ్యర్థాలను పురుగులు, పీతలు, వాటిని చేపలు తింటాయి. పోషకం బయటికి పోకుండా ఆ దిబ్బలోనే తిరుగుతుంది.

మా చేపల వేటకు, పగడపు దిబ్బలకు నిజంగా సంబంధం ఉందా?

గంజాం తీరంలో వేసే వలల వరకు నేరుగా సంబంధం లేదనే చెప్పాలి. ఇక్కడి చేపలకు నదీముఖాలు, చిలికా, ఒండ్రు నేలలు ఆధారం. పగడపు దిబ్బలు కాపాడితేనే ఊళ్లో చేపలు పడతాయని చెప్పే ప్రచారం మన తీరానికి సరిపడదు. అయితే గంజాం, శ్రీకాకుళం జిల్లాల నుంచి అండమాన్‌కు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. వారు పట్టే గ్రూపర్లు, స్నాపర్లు, లాబ్‌స్టర్లు దిబ్బల మీద, వాటి పరిసరాల్లో పెరిగేవే. అక్కడ దిబ్బ పాడైతే ఇక్కడి ఇంటికి వచ్చే డబ్బు తగ్గుతుంది.

ఫైలిన్ లాంటి తుఫాను వచ్చినప్పుడు ముందు పగడపు దిబ్బ ఉంటే మనకు రక్షణ దొరికేదా?

కొంతవరకు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు అలలకు అడ్డు ఏదీ లేకపోవడాన్ని ఈ ఊళ్లన్నీ చూశాయి. ప్రపంచంలోని అనేక తీరాల కొలతలను కలిపి 2014లో ప్రచురించిన పరిశీలన ప్రకారం పగడపు దిబ్బలు అలల శక్తిని సగటున 97 శాతం తగ్గిస్తాయి. అందులో ఎక్కువ భాగాన్ని దిబ్బ ముందంచే మింగేస్తుంది. అయితే గాలి తోపుకు సముద్రమట్టమే పైకి లేచి ఊళ్లలోకి వచ్చే ఉప్పెనను దిబ్బ అంతగా ఆపలేదు. పగడం పెరగని మన తీరంలో ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, మడ అడవులు ఉన్న చోట అవి, ముందస్తు హెచ్చరిక, తుఫాను ఆశ్రయాలు, వీటినే నమ్ముకోవాలి.

రుషికుల్య ముఖద్వారానికి వచ్చే తాబేళ్లు పగడపు దిబ్బల నుంచి వస్తాయా?

రావు. అవి ఆలివ్ రిడ్లీలు. బహిరంగ సముద్రంలో తిరుగుతూ గుడ్లు పెట్టడానికి మాత్రమే ఇక్కడికి వస్తాయి. దిబ్బలపై బతికేది హాక్స్‌బిల్ తాబేలు. స్పంజికలు దాని ముఖ్యాహారం.

మందులు కూడా దొరుకుతాయంటారు, నిజమేనా?

నిజమే. రక్తక్యాన్సరుకు వాడే సైటరబీన్ అనే మందు, కరీబియన్ దిబ్బల దగ్గరి ఒక స్పంజికలో 1950లలో కనుగొన్న పదార్థాల ఆధారంగా తయారైంది. ఇప్పుడు దాన్ని కర్మాగారంలోనే తయారుచేస్తారు, స్పంజికలను కోయనక్కర లేదు.

## ముప్పులు

పగడం తెల్లబడటం అంటే చచ్చిపోవడమేనా?

కాదు, అయితే చావుకు దగ్గర పడటం. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు కణాల్లోని శైవలాలు హానికర పదార్థాలను విడుదల చేయడం మొదలుపెడతాయి. పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. పారదర్శకమైన కణజాలం గుండా సున్నపు అస్థిపంజరం కనిపించడమే ఆ తెలుపు. ఆ స్థితిలో అది ఆకలితో ఉన్నదని అర్థం. కొద్ది వారాల్లో నీరు చల్లబడితే శైవలాలు తిరిగి చేరి కోలుకుంటుంది. వేడి నెలల తరబడి నిలిస్తే చనిపోతుంది, ఆపైన పాచి పెరిగి గోధుమ రంగుకు మారుతుంది. కాబట్టి తెల్లటి దిబ్బ కంటే పాచి పట్టిన దిబ్బే ఎక్కువ చేటు జరిగిందనడానికి గుర్తు.

ప్రపంచవ్యాప్తంగా 1998లో తొలిసారి ఇది పెద్దఎత్తున జరిగింది. ఆ ఒక్క విడతలోనే ప్రపంచ పగడాల్లో సుమారు 16 శాతం నశించాయని అంచనా. తరువాత 2010లో, 2014 నుంచి 2017 వరకు, మళ్లీ 2023 నుంచి జరిగింది. చివరిదాన్ని 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచ విడతగా ప్రకటించారు. దాని వేడి ప్రపంచ దిబ్బల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా తాకింది. త్వరగా పెరిగే జాతులు కోలుకోవడానికే పదేళ్లకు పైగా పడుతుంది. విడతల మధ్య అంత వ్యవధి ఇప్పుడు దొరకకపోవడమే అసలు సమస్య.

మనం ఎండాకాలంలో 40 డిగ్రీలు భరిస్తున్నాం. సముద్రం ఒక డిగ్రీ వేడెక్కితే పగడానికి ఏమవుతుంది?

మనిషి శరీరం చెమట పట్టి తన వేడిని తాను అదుపు చేసుకుంటుంది. పగడానికి ఆ వీలు లేదు, నీడకు పోవడానికి కాళ్లూ లేవు. అది తాను పెరిగిన చోటి వేసవి గరిష్ఠానికి అంచున బతుకుతుంది. ఆ గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే తెల్లబడటం మొదలవుతుంది. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం వరకు, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా నశించవచ్చని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2018 నివేదికలో పేర్కొంది. మిగిలిన ముప్పులన్నీ కలిపినా దీనికి సాటి రావని నా అభిప్రాయం.

బొగ్గుపులుసు వాయువు వల్ల సముద్రం పుల్లగా మారుతుందా?

పుల్లగా మారదు, సముద్రపు నీరు ఇప్పటికీ క్షారగుణం కలదే. మనం విడిచే బొగ్గుపులుసు వాయువులో, అంటే కార్బన్ డయాక్సైడులో, సుమారు నాలుగోవంతును సముద్రం పీల్చుకుంటుంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం; అంకె తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్లు) 8.1 దగ్గరికి దిగింది. వినడానికి స్వల్పంగా ఉన్నా, ఆ కొలమానం తీరును బట్టి ఇది ఆమ్లత్వంలో దాదాపు 30 శాతం పెరుగుదల. దీనివల్ల నీటిలో కార్బొనేటు తగ్గి, పగడం తన గిన్నెను కట్టుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చుపెట్టవలసి వస్తుంది.

మన్నారు సింధుశాఖలో దీవులు మునిగిపోయాయని విన్నాం, నిజమా?

నిజం. అక్కడి 21 దీవుల్లో రెండు ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. దశాబ్దాల పాటు సున్నానికి, ఇళ్ల కట్టడానికి, కర్మాగారాలకు పగడాన్ని తవ్వి అమ్మారు. దిబ్బ పోయాక అలలు నేరుగా ఇసుక దీవిని కోసేశాయి. సముద్రమట్టం పెరగడం కూడా కారణాల్లో ఉన్నా, తవ్వకం లేకుంటే ఇంత త్వరగా జరిగేది కాదు. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు.

సునామీ దిబ్బలను పాడుచేసిందా?

2004 భూకంపంలో ఉత్తర అండమాన్‌లో కొన్ని చోట్ల నేల మీటరుకు పైగా పైకి లేచి, దిబ్బలు నీటి బయటపడి ఎండిపోయాయి. నికోబార్‌లో నేల కుంగింది. దీనికి మనిషి చేసేదేమీ లేదు.

చేపలు పట్టడం వల్ల కూడా నష్టమేనా?

అది ఎలా పడతారనే దానిపై ఆధారపడి ఉంటుంది. గాలం, ఎంచుకొని వేసే వల పెద్ద చేటు చేయవు. మందుగుండు పేల్చడం, సయనైడు చల్లడం దిబ్బనే చంపుతాయి. ఆగ్నేయాసియాలో ఇవి విస్తారంగా జరిగాయి. లంగరు నేరుగా పగడంపై వేస్తే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మలు ఒక్కసారిగా విరుగుతాయి. మరొకటి చాలామందికి తెలియదు: చిలుక చేప పగడంపై పాచిని గీకి తింటుంది. దాన్ని మితిమీరి పట్టేస్తే పాచి పెరిగి, కొత్త పగడపు లార్వాకు చోటు లేకుండా చేస్తుంది. వేడికి దెబ్బతిన్న దిబ్బ కోలుకోవాలంటే ఈ చేపలు ఉండాలి, అందుకే వేటను అదుపు చేయడం వృథా కాదు.

## కాపాడటం, చూడటం, చదవటం

మొక్కల్లా ముక్కలు నాటి పెంచవచ్చు కదా?

పెంచవచ్చు, పెంచుతున్నారు. తూత్తుకుడి దగ్గర విరిగిన ముక్కలను కాంక్రీటు దిమ్మెలకు కట్టి నాటారు. గుజరాత్‌లోని మీఠాపూర్ దగ్గర 2020లో స్వల్ప విద్యుత్తుతో ఉక్కు చట్రంపై సున్నపు పొర పేరుకునేలా చేసి పగడాలు అమర్చారు. అయితే నాటిన చోట నీరు మళ్లీ వేడెక్కితే అవీ చనిపోతాయి. తవ్వకం, లంగరు, తుఫాను వల్ల పాడైన చిన్న చోట్లకు ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. వేలాది చదరపు కిలోమీటర్ల నష్టానికి ఇది జవాబు కాదు.

ప్రభుత్వం తీరంలో వేసే కృత్రిమ దిబ్బలు పగడపు దిబ్బలేనా?

కావు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సముద్రంలో దింపే కాంక్రీటు నిర్మాణాలు చేపలకు ఆశ్రయం కల్పించి వేటకు తోడ్పడటానికి ఉద్దేశించినవి. ఒండ్రు నీటిలో వాటిపై ఆల్చిప్పలు, నత్తలు, నాచు పెరుగుతాయి.

అండమాన్‌లో పనిచేసే మా బావ ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్క తెచ్చాడు. అది కూడా నేరమా?

అవును, నేరమే. బతికినదైనా చచ్చినదైనా, తవ్వినదైనా ఏరినదైనా తేడా లేదు. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు జీవులకు సంబంధించిన నేరాలకు మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. విమానాశ్రయంలో, ఓడ ఎక్కేచోట సామాను తనిఖీ చేసి స్వాధీనం చేసుకుంటారు. ఒడ్డున పడిన ముక్కలు పనికిరానివని అనుకోకూడదు. అవి అరిగి ఇసుకగా మారి ఆ బీచిని నిలబెడతాయి. ఇంట్లో అలంకారానికి పెట్టుకోవాలని ఆశ ఉంటే ఫోటో తీసుకొమ్మని మీ బావకు చెప్పండి.

దిబ్బలు చూడటానికి వెళితే ఎలా మెలగాలి?

విశాఖ నుంచి, చెన్నై నుంచి ఓడలు వెళ్లే పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడికి దగ్గరలోని వండూర్‌లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఉంది. అద్దపు అడుగున్న పడవల్లో దిబ్బలు చూపిస్తారు. పగడంపై నిలబడకూడదు, చేత్తో తాకకూడదు, చేపలకు తిండి వేయకూడదు. ఈత రానివారు పడవలోనే ఉండటం వారికీ, పగడానికీ క్షేమం. పగడాలకు హాని చేస్తుందన్న కారణంతో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. ఒంటినిండా చొక్కా వేసుకుంటే ఆ లేపనం అవసరం చాలావరకు తప్పుతుంది.

మా అమ్మాయి దీనిపై చదువుకోవాలంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురం విశ్వవిద్యాలయంలోనే సముద్ర విజ్ఞాన విభాగం ఉంది. జీవశాస్త్రంతో డిగ్రీ చేసి అక్కడ పీజీ చేయవచ్చు. పగడాలకు దగ్గరగా ఉండి చదవాలంటే పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ప్రాంగణం అనువైనది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు గోపాల్‌పూర్‌లోను, పోర్ట్ బ్లెయిర్‌లోను ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఏది ఎంచుకున్నా, కళాశాలలో చేరేలోపే ఈత నేర్పించండి. నీటిలో దిగనిదే పగడాలపై క్షేత్ర పరిశోధన సాగదు.